ఆవిరి పట్టని అద్దం

తెల్లారకముందే లేచి రాములవ్వ సంచి సర్దింది. రెండు జొన్నరొట్టెలు, వాటి నడుమ పచ్చిమిర్చి తొక్కు, ఒక ఉల్లిగడ్డ, ఫ్లాస్కులో చాయ్, కాగితంలో చుట్టిన బీపీ గోలీ. అన్నిటికీ పైన, చెయ్యి పెట్టగానే తగిలేటట్టు, నాలుగు మడతల మెత్తటి గుడ్డ. అది ఆమె పాత చీర కొంగు. ఏండ్ల తరబడి ఉతికి ఉతికి అరిగితే తప్ప బట్టకు ఆ మెత్తదనం రాదు. రెండు చలికాలాలుగా ఆ గుడ్డ లేకుండా హన్మండ్లు గడప దాటింది లేదు.

హన్మండ్లు సంచి అందుకుని, జిప్పు లాగి, గుడ్డ బయటికి తీసి గూట్లో పెట్టాడు.

“గిది అక్కెర లేదే ఇగ.”

“ఎందుకు?”

“అద్దానికి ఆవిరి పడ్తలేదు.”

ఇయ్యాల కరెంటు పోలేదు అన్నంత తేలిగ్గా అన్నాడు. ఐసు డబ్బాను బండి వెనక తాడుతో బిగించి, హెల్మెట్ తగిలించుకుని, అద్దం కిందికి దించుకుని వెళ్ళిపోయాడు. బండి వెనక ఎర్రదీపం మలుపు తిరిగిందాకా రాములవ్వ గల్లీ మొదట్లో నిలబడింది.

హన్మండ్లుది చేపల బేరం. ఒకప్పుడు బోధన్ చక్కెర ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. అది మూతపడ్డాక బండికి వెనక డబ్బా కట్టుకున్నాడు. రోజూ నిజామాబాద్ నుంచి పోచంపాడ్ పోయి, డ్యామ్ కాడ చేపలు ఎత్తుకుని, మళ్ళీ ఇటు తిరిగి బోధన్ చుట్టుపక్కల క్యాంపుల్లో అమ్ముకుంటాడు. క్యాంపులంటే, కాలువ నీళ్ళు చూసి ఎప్పుడో కోస్తా నుంచి వచ్చి భూములు కొనుక్కున్న రైతుల ఊళ్ళు. చేప అంటే వాళ్ళు ప్రాణం పెడతారు.

చలికాలం వచ్చిందంటే ఆ దారి అంతా కష్టమే. రెండు పక్కలా నాట్లకు నీళ్ళు పెట్టిన మడులు, వాటి మీద పొగమంచు. పోయినేడు హన్మండ్లు కుడికంటికి మోతిబిందు, అదే కంటిశుక్లం, ఆపరేషన్ అయింది. చల్లగాలి తగలొద్దు, దుమ్ము పడొద్దు, అద్దం దించుకునే బండి నడపాలె అని డాక్టరు గట్టిగా చెప్పాడు. దించుకుంటేనేమో ముక్కులోంచి వచ్చే ఊపిరే ఆవిరై అద్దానికి లోపల అంటుకుంటుంది. కళ్ళముందు ఎవరో దుప్పటి కప్పినట్టు. ఎదురొచ్చే లారీ దీపం కూడా పాలచుక్కలా కనిపిస్తుందట. అందుకని రెండు మైళ్ళకోసారి బండి ఆపడం, అద్దం ఎత్తడం, గుడ్డతో తుడవడం.

ఎన్నిసార్లు ఆగితే అన్నిసార్లు తన కొంగు అతని చేతిలో ఉంటుందని రాములవ్వకు తెలుసు. ఇంట్లో కూర్చుని బీడీలు చుడుతూనే, ఇప్పుడు ఆర్మూర్ దాటి ఉంటడు, ఇప్పుడు ఆపి తుడుచుకుంటుంటడు అని లెక్క కట్టుకునేది. ఆ లెక్కలో ఆమెకు ఒక నెమ్మది ఉండేది. ఇప్పుడా గుడ్డ గూట్లో ఉంది.

మధ్యాహ్నం అతను వచ్చి చేతులు కడుక్కుంటుంటే అడిగింది.

“ఆవిరి ఎందుకు పడ్తలేదు?”

“పార్వతమ్మ ఏదో రుద్దిందే. సబ్బో ఏందో. మంచిగ పనిచేస్తుంది. డ్యామ్ దాకా ఒక్కసారి ఆపలే, సూడు!”

“ఏ పార్వతమ్మ?”

“క్యాంపుల పార్వతమ్మ. ఎన్నిసార్లు చెప్పిన నీకు? శివపార్వతమ్మ. మొగడు లేడు. కొడుకు తణుకుల ఉంటడు.”

చెప్పాడు. చాలాసార్లే చెప్పాడు. పార్వతమ్మ బొచ్చె చేప తల ఇష్టంగా తింటది అన్నాడు. పార్వతమ్మ పులుసు డబ్బాలో పోసిచ్చింది అన్నాడు. ఆ పులుసు తిన్న మరునాడు, ముప్పై ఎనిమిదేండ్లుగా నోరెత్తకుండా తింటున్న రాములవ్వ కూర ముందర కూర్చుని, “జర చింతపండు తక్కువైందే” అన్నాడు. అవన్నీ ఆమె విని ఊరుకుంది. పులుసు నోటిదాకానే. ఈ అద్దం అట్లా కాదు. అది మొహానికి నాలుగు వేళ్ళ దూరంలో ఉంటుంది. అతను విడిచిన ఊపిరి పోయి తగిలేది దానికే. అక్కడ ఇంకొక ఆడమనిషి చెయ్యి పెట్టింది.

భీమవ్వతో చెప్పకుండా ఉంటే బాగుండేది. భీమవ్వ పక్కింటి మనిషి. ఇద్దరూ రోజూ ఒకే అరుగు మీద చాటలు ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుడతారు.

“ఏందే, బీడీ వంకర పోతుంది? చేతులు ఇక్కడున్నయి, పానం ఎక్కడుంది?” అంది భీమవ్వ.

చెప్పింది. భీమవ్వ నవ్వి నవ్వి చాటలో తంబాకు సగం ఒలకబోసుకుంది.

“సబ్బు రుద్దిందా! అద్దానికేనా, వీపుకు గూడనా?”

“నీ నోట్ల మన్ను పడ!”

“నన్నెందుకు తిడ్తవ్? ముసలోన్ని ఎవలెత్తుకపోతరే, గా చేపల కంపుకు?”

“వాళ్ళకు చేపల వాసనంటే ఇష్టమేనట.”

“అయితే పోతడు!” అని భీమవ్వ కట్టకు దారం చుట్టి నోటితో తెంపింది. “మంచిగ నున్నగ తోమి పంపిస్తది, తీసుకో.”

పరాచికమే. కానీ రాములవ్వకు ఆ రెండు ముక్కలే మిగిలాయి. అయితే పోతడు.

మనుషులు ఎట్లా పోతారో ఆమెకు తొమ్మిదేండ్ల వయసులోనే తెలుసు. ఆమె తండ్రి లింబయ్య లారీ డ్రైవరు. చెరుకు సీజన్‌లో ఫ్యాక్టరీకి చెరుకు తోలేవాడు, సీజన్ అయిపోయాక చక్కెర బస్తాలు ధర్మాబాద్ దిక్కు వేసుకుపోయేవాడు. ఒకరోజు తల్లి సంచి సర్దుతుంటే, “రెండు అంగీలు ఎక్కువ పెట్టు” అన్నాడు. తల్లి ఎందుకని అడగలేదు. మడతలు నలగకుండా తన చేతులతోనే పెట్టింది. అక్కడ ఇంకో ఇల్లుందని, ఇంకో ఆడమనిషి ఉందని ఏడాది తర్వాత గానీ తెలియలేదు. అప్పటినుంచి రాములవ్వకు సంచి అంటే భయం. సంచిలోకి ఏది కొత్తగా వచ్చింది, సంచిలోంచి ఏది పోయింది అని చూస్తుంది. తండ్రి సంచిలోకి రెండు అంగీలు వచ్చాయి. మొగుడి సంచిలోంచి ఒక గుడ్డ పోయింది.

హన్మండ్లు తిని నిద్రపోయాక ఆమె మేకుకు వేలాడుతున్న హెల్మెట్ దించింది. ఒళ్ళో పెట్టుకుని అద్దం లోపలి వైపు నోరు పెట్టి “హా” అని ఊదింది. ఏమీ కాలేదు. ఇంకోసారి, గట్టిగా, కడుపులోంచి ఊదింది. అద్దం తేటగా అట్లాగే ఉంది. తన ఊపిరికి అక్కడ చోటు లేదు. ముక్కు దగ్గర పెట్టుకుంటే గంధం సబ్బు వాసన. తమ ఇంట్లో ఎన్నడూ కొనని సబ్బు.

హెల్మెట్ పట్టుకుని నేరుగా నల్లా దగ్గరికి పోయింది. గోరుతో గీకి గీకి, బూడిదతో తోమి, ఆ వాసన పోయేదాకా కడిగింది. తుడిచి మళ్ళీ ఊదింది. ఆవిరి పట్టింది. ప్రాణం లేచొచ్చినట్టయింది ఆమెకు.

కానీ ఆవిరి పడితే రేపు మళ్ళీ అక్కడికే పోయి రుద్దించుకుంటాడు కదా. పడకూడదు. తన చేతితోనే పడకూడదు. ఆలోచిస్తుంటే తండ్రి గుర్తొచ్చాడు. వానాకాలంలో లింబయ్య లారీ అద్దానికి తంబాకు రుద్దేవాడు. పిడికెడు తంబాకు గుడ్డలో మూట కట్టి, నీళ్ళలో ముంచి, అద్దం నిండా పాముతాడు. ఇగ ఎంత వాన కొట్టినా చుక్క నిలవదు, నీళ్ళు పల్చగా జారిపోతాయి, రోడ్డు తేటగా కనిపిస్తుంది. చిన్నప్పుడు ఆ మూట పట్టుకుని లారీ ముందర నిలబడింది తనే.

తంబాకుకు కరువా? చాట నిండా ఉంది. మంచి ఘాటుది ఏరి మూట కట్టింది. తడిపి, అద్దానికి బయటా లోపలా రెండు చేతులతో పాముతూ రుద్దింది. నీడలో ఆరబెట్టి, పైపైన తుడిచి, ఊదింది. ఆవిరి పట్టలేదు! ఆమెకు నవ్వొచ్చింది. రేపు మధ్యాహ్నం రాగానే చెప్పాలె. ఆవిరి పడ్తలేదా? పడదు. అది నా చెయ్యి.

మరునాడు పొద్దున సంచిలో గుడ్డ పెట్టలేదు. అక్కెర లేదు కదా. హన్మండ్లు హెల్మెట్ తల దగ్గరికి తీసుకుని ఆగాడు. ఒకసారి ముక్కు ఎగబీల్చాడు. ఆమె వైపు చూశాడు.

“ఏంది?” అంది రాములవ్వ.

“ఏం లే,” అన్నాడు. తగిలించుకుని పోయాడు.

మధ్యాహ్నం పన్నెండయింది, రాలేదు. ఒంటిగంటయింది. ఫోన్ చేస్తే మోగుతోంది, ఎత్తడం లేదు. రెండు దాటాక గల్లీలోకి ఆటో వచ్చింది. అందులోంచి ముందు ఒక ముసలామె దిగింది. ఆమె చెయ్యి పట్టుకుని, కుడికంటికి తెల్లటి దూదికట్టుతో హన్మండ్లు దిగాడు.

రాములవ్వ చాట పక్కన పెట్టి అరుగు మీంచి లేచింది.

“ఏవమ్మా, రాములవ్వంటే నువ్వేనా? కంగారు పడకు,” అంది ఆమె. “కంటికేం కాలేదన్నారు డాక్టరుగారు. కడిగి మందేశారు. పదిహేను రోజులు బండి ఎక్కొద్దన్నారు. అంతే.”

రాములవ్వ ఇన్నాళ్ళూ తలలో కట్టుకున్న పార్వతమ్మ వేరు. పొడుగ్గా, తెల్లగా, తలలో పూలు లేకపోయినా ఉన్నట్టే ఉండేది. ఎదురుగా ఉన్నది అరవై ఐదేండ్ల పొట్టి మనిషి. మోకాళ్ళ నొప్పికి మెట్లు అడ్డంగా ఎక్కుతోంది. జుట్టు నెరిసింది, పిడికెడు కూడా లేదు. చూసి చల్లబడాల్సింది రాములవ్వ. చల్లబడలేదు. ఆమె కళ్ళు పార్వతమ్మ చేతుల మీద పడ్డాయి. తెల్లటి శుభ్రమైన చేతులు. గోళ్ళ సందుల్లో తంబాకు పసుపుమరక లేదు, వేళ్ళ చివర కత్తెర పట్టి కాసిన కాయలు లేవు. ఆ చెయ్యి పట్టుకుని దిగాడు తన మొగుడు.

మంచంలో కూర్చుని హన్మండ్లే జరిగింది చెప్పాడు. చేపలు ఎత్తుకుని బోధన్ రోడ్డు ఎక్కిందాకా మంచిగనే ఉందట. ఆ తర్వాత ఊపిరి తడికి అద్దం మీద పూత కరిగి, చుక్కలు చుక్కలుగా కంటి మీద పడిందట. ఆపరేషన్ కన్నే మండింది. తుడుచుకుందామంటే గుడ్డ లేదు. చేత్తో తుడిస్తే రెండో కన్నూ పట్టుకుంది. కాలువ వంతెన దగ్గర బండి గోడకు ఆనించుకుని చాలాసేపు కూర్చున్నాడట. ఎట్లనో నెమ్మదిగా క్యాంపు దాకా వస్తే పార్వతమ్మ నీళ్ళతో కడిగి, ఆటో పిలిచి, దవాఖానకు తీసుకుపోయింది.

“పార్వతమ్మా, సబ్బే కావచ్చు,” అన్నాడు హన్మండ్లు, దూదికట్టు కింద చెంప తుడుచుకుంటూ. “చెమటకు కరిగి కంట్ల పడ్డట్టుంది.”

పార్వతమ్మ ఒళ్ళో హెల్మెట్ ఉంది. దాని లోపల వేలితో రాసి, ముక్కు దగ్గర పెట్టుకుంది. అరుగు మీది చాట వైపు చూసింది. చాటలో తంబాకు. దాని పక్కన నిన్న తడిపి ఆరేసిన చిన్న మూట. తర్వాత రాములవ్వను చూసింది. చూపులో కోపం లేదు. అదే ఎక్కువ మండింది రాములవ్వకు.

“అవునయ్యా, నా సబ్బే,” అంది పార్వతమ్మ. “మొన్న కాస్త ఎక్కువ రుద్దేశాను. తప్పు నాదే.”

రాములవ్వ నోరు తెరిచింది. నేనే రుద్దిన అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. కానీ ఆ మాట అంటే ఆ ఇద్దరి ముందర తను చిన్నదైపోతుంది. పార్వతమ్మ ఇంకా పెద్దదైపోతుంది. నోరు మూసుకుని నీళ్ళు తేవడానికి లోపలికి పోయింది.

పార్వతమ్మ వెనకాలే వచ్చింది.

“ఇలా రామ్మా. ఒక మెత్తటి గుడ్డ ఉందా?”

గూట్లో గుడ్డ ఉంది. రాములవ్వ చెయ్యి దాని మీదికి పోయి వెనక్కి వచ్చింది. ఇవ్వాలనిపించలేదు. చివరికి ఇచ్చింది. పార్వతమ్మ ముందు అద్దాన్ని మూడు నీళ్ళలో కడిగింది. ఆరాక, గోడ మీదున్న ఒంటిసబ్బు అందుకుని లోపలి వైపు నాలుగే నాలుగు గీతలు గీసింది. పొడిగుడ్డతో గుండ్రంగా రుద్దడం మొదలుపెట్టింది.

“సబ్బు కనిపించకూడదు. మరక కనిపించినంతసేపూ రుద్దుతూనే ఉండాలి. నీళ్ళు తగలకూడదు. మూడ్రోజులకోసారి చెయ్యాలి. ముక్కు మీదికి రుమాలు కట్టుకుని, ఊపిరి కిందికి వదలమను. బయటివైపు ఏమీ రాయక్కర్లేదు. ఇదిగో, ఇక నువ్వు రుద్దు.”

రాములవ్వ రుద్దింది.

“మా ఆయన జగన్మోహనరావుగారికి పద్దెనిమిదేళ్ళు రుద్దానమ్మా. క్యాంపు నుంచి ఫ్యాక్టరీకి చెరుకు టోకెన్ల కోసం చలిలో పొద్దున్నే బండి మీద వెళ్ళేవారు. ఆయన పోయాక చేతులకి ఏం తోచేది కాదు. మీ ఆయన అద్దం చూసి ఊరుకోలేకపోయాను.” ఆగి, నవ్వింది. “నాలుగుసార్లు రుద్దాను. అంతే. ఐదోది నీది.”

రాములవ్వ రుద్దుతూనే ఉంది.

“బంగారం లాంటి మనిషమ్మా. రోజూ తొమ్మిదింటికి గేటు కొడతాడు. పోయిన శ్రావణంలో నేను పలక్కపోతే గోడ దూకి లోపలికొచ్చాడు. బాత్రూంలో జారి పడి ఉన్నాను. ఆయనే ఎత్తి దవాఖానకి తీసుకెళ్ళాడు. నీకు చెప్పే ఉంటాడుగా.”

చెప్పలేదు. శ్రావణం నుంచి పుష్యం దాకా ఒక్క ముక్క చెప్పలేదు. ఎత్తాడట. రెండు చేతులా ఎత్తి ఉంటాడు. రాములవ్వ గుడ్డ పట్టుకున్న వేళ్ళు అద్దం మీద ఆగిపోయాయి. ఈమె నన్ను తిట్టిపోతే ఎంత బాగుండు అనుకుంది. తంబాకు రుద్దినవా, కన్ను పోగొడుదామనుకున్నవా అని నలుగురిలో అరిస్తే, తను కూడా ఎదురు అరిచేది. కడుపులో ఉన్నదంతా కక్కేసేది. ఆమె ఆ అవకాశం కూడా ఇవ్వలేదు. నీళ్ళు తాగి, మోకాలు పట్టుకుని మెట్లు దిగి, ఆటో ఎక్కి పోయింది.

పదిహేను రోజులు హన్మండ్లు ఇంట్లోనే ఉన్నాడు. పూటకు రెండుసార్లు రాములవ్వ కంట్లో చుక్కలు వేసింది. చుక్క వేసేటప్పుడు అతని కన్ను తన కళ్ళలోకి చూస్తుంది. అప్పుడు చెప్దామనుకునేది. చుక్క పడగానే అతను కన్ను మూసుకునేవాడు. రోజు అట్లా గడిచిపోయేది.

మళ్ళీ బండి తీసిన రోజు సంచి సర్దింది. గుడ్డ పైన పెట్టింది. అద్దం సబ్బుతో తనే రుద్దింది, మరక కనిపించనంత. హన్మండ్లు గుడ్డ తీసెయ్యలేదు. కానీ గడప దగ్గర నిలబడి అన్నాడు.

“ఇగ వర్ని ఊర్ల దిక్కు పోత. గా క్యాంపు దిక్కు బేరం తక్కువైంది.”

“నీ ఇష్టం,” అంది రాములవ్వ. లోపలికి పోయి పొయ్యి ముందర కూర్చుని ఒక్కతే నవ్వుకుంది. భీమవ్వతో కూడా చెప్పింది.

“ఏం మంత్రమేసినవే?” అంది భీమవ్వ.

“మంత్రమెందుకు? నా మొగడు.”

వారం తిరిగింది. ఒక బుధవారం మధ్యాహ్నం హన్మండ్లు నిద్రలో ఉండగా అతని ఫోన్ మోగింది. రాములవ్వ ఎత్తింది.

“రాములవ్వా? నేనమ్మా, పార్వతిని. కన్నెలా ఉంది ఆయనకి?”

“మంచిగుంది.”

“అమ్మయ్య. చూడు, మా అబ్బాయి కిషోర్ వచ్చాడు. ఆదివారం తెల్లారి ఐదింటికి బయల్దేరుతున్నాం. ఇక తణుకే. మొన్నటిదాకా పొద్దున్నే గేటు కొట్టేవాడున్నాడని వాడు ధైర్యంగా ఉన్నాడు. ఇప్పుడు నువ్వు పడిపోతే చూసేదెవరమ్మా అని ఒకటే గొడవ.” అవతల ఎవరో పిలిస్తే వస్తున్నానంది. “ఈలోగా మీ ఆయన్ని ఒకసారి రమ్మను. పెద్ద బొచ్చె తెమ్మను, పులుసు పెడతాను. నువ్వూ రా. తప్పకుండా రా.”

“సరే,” అంది రాములవ్వ.

గురువారం చెప్పలేదు. ఎందుకు చెప్పాలె? పోయేటామె పోతుంది. శుక్రవారం చేప కడుగుతుంటే తల పక్కన పెట్టింది, బొచ్చె తల. దాన్ని చూడగానే కోపం వచ్చి కుక్కకు పడేసింది. పులుసు పెడుతుందట. చివరి పులుసు కూడా ఆమె చేతిదేనా? శనివారం హన్మండ్లు తిండి దగ్గర కూర్చుని, ఉన్నట్టుండి, “ఎట్లుందో ఏమో” అన్నాడు. “ఎవలు?” అంది రాములవ్వ. “ఎవల్లే, బండి ఇంజన్,” అన్నాడు.

ఆదివారం తెల్లవారుజామున సంచి సర్దుతుంటే ఆమె చేతులు ఆగిపోయాయి. రొట్టె పెట్టింది, తొక్కు పెట్టింది, గుడ్డ పెట్టింది. అన్నీ ఉన్నాయి. ఏదీ ఎక్కువ లేదు, ఏదీ తక్కువ లేదు. అయినా భయం వేసింది. ఇవాళ ఇంకోచోట ఇంకొకామె సంచి సర్దుకుంటోంది. ఒక్కతే. దాని పైన ఏం పెట్టుకుంటుందో.

“ఇయ్యాల పార్వతమ్మ పోతుంది,” అంది గోడ వైపు తిరిగి. “ఎప్పటికీ. బుధారం ఫోన్ చేసింది. నిన్ను రమ్మన్నది. నేను చెప్పలే.”

హన్మండ్లు బయటికి పోయి ఐసు డబ్బా తాడు విప్పి కింద పెట్టాడు.

“ఎక్కు.”

బోధన్ రోడ్డంతా పొగమంచు. రాములవ్వ అతని వెనక ముడుచుకుని కూర్చుంది. మంచు కళ్ళలో కొడుతుంటే చీర చెంగు మొహానికి కప్పుకుంది. ఆమెకేమీ కనిపించలేదు. అతనికి కనిపించింది. ఎక్కడా బండి ఆపలేదు, ఒక్కసారి అద్దం ఎత్తలేదు. అది నేను రుద్దిన అద్దం అనుకుంది. ఆ అద్దంలోంచి అతను ఎవరి దగ్గరికి చూసుకుంటూ పోతున్నాడో కూడా అనుకుంది.

క్యాంపు చేరేసరికి ఆరుంబావు. పార్వతమ్మ గేటుకు తాళం. వాకిలి ఊడ్చి, ముగ్గు కూడా వేసి ఉంది. తాళం చూసి కూడా హన్మండ్లు గేటు కొట్టాడు. మూడుసార్లు. రోజూ కొట్టినట్టే. ఎదురింటి వాకిట్లో పళ్ళు తోముకుంటున్న ఆసామి నోట్లో పుల్ల తీసి చెప్పాడు.

“ఐదింటికే కారులో వెళ్ళిపోయారండి. ఆవిడ నిన్నంతా మీ కోసం చూసింది.”

హన్మండ్లు హెల్మెట్ తీసి గేటు పక్క అరుగు మీద పెట్టి కూర్చున్నాడు. రాములవ్వ నిలబడే ఉంది.

“అద్దానికి తంబాకు రుద్దింది నేనే,” అంది.

“ఎర్కే.”

“ఆమె చెప్పిందా?”

“ఆమె ఎందుకు చెప్తది? ముప్పై ఎనిమిదేండ్ల సంది నీ చేతుల వాసన అదే. హెల్మెట్ పెట్టుకోంగనే ఎర్కైంది.”

“మరెందుకు పెట్టుకున్నవ్?”

“నువ్వు రుద్దినవని.”

రాములవ్వ అడిగింది. “మరి క్యాంపుకు రాక ఎందుకు బందైనవ్? నేను వద్దనలే.”

“నోటితోని వద్దనలే. అద్దం మీద గంత రాసి పంపినవ్ గదనే. ఇగ ఎట్ల వస్త?” హన్మండ్లు గేటు తాళం వైపు చూస్తూ అన్నాడు. “నేను వస్తలేనని ఆమె పోయింది.”

తిట్టలేదు. గొంతు పెంచలేదు. రాములవ్వ అతని పక్కన అరుగు మీద కూర్చుంది. అతను ఆ తాళం వైపు ఎంతసేపు చూస్తాడో అని చూసింది. చాలాసేపు చూశాడు. తన కోసం ఎప్పుడైనా ఏ గేటు వైపైనా ఇంతసేపు చూశాడా అని ఆమెకు తోచింది. మనిషి వెళ్ళిపోయినా, తాళం పడినా, ఆ మంట మాత్రం ఎక్కడికీ పోలేదు. ఆ మంట పక్కనే, అద్దం మీద గుండ్రంగా తిరిగిన ఆ ముసలి చెయ్యి కూడా ఉంది. నువ్వూ రా, తప్పకుండా రా అన్న గొంతు కూడా ఉంది.

ఆ తర్వాత ప్రతి చలికాలం రాములవ్వ మూడు రోజులకోసారి అద్దం రుద్దుతూనే ఉంది. ముందు ఇంట్లో సబ్బుతో రుద్దేది. తర్వాత ఒకరోజు దుకాణానికి పోయి గంధం సబ్బు కొనుక్కొచ్చింది. హన్మండ్లు పొద్దున్నే పోతాడు, మధ్యాహ్నానికి వస్తాడు. ఒక్కరోజు కూడా రాకుండా లేడు.

రానిది శివపార్వతమ్మ. రెండువేల ఇరవై నాలుగు ఫిబ్రవరి పదకొండు, ఆదివారం, తెల్లారి ఐదు గంటలకు క్యాంపు నుంచి వెళ్ళింది. మళ్ళీ రాలేదు.